జర్మనీలో సాయం చేసే ముందు అడగాలి

తమ్ముడూ, "వచ్చే నెల జర్మనీలో ఓ వృద్ధాశ్రమంలో ఏడాది వాలంటీరుగా చేరుతున్నా, ఎవరూ నోరు తెరిచి చెప్పని పద్ధతులు ఎట్లా తెలుస్తాయి?" అని అడిగావు. మాది తిరుపతి. నేనూ బుండెస్‌ఫ్రైవిల్లిగెన్‌డీన్స్ట్ కిందే వెళ్ళొచ్చా. అదే, అక్కడ నిర్బంధ సైనిక సేవ ఆపేసిన 2011లో మొదలైన ప్రభుత్వ వాలంటీరు పథకం.

యూట్యూబ్ జాబితాలు కంఠస్థం పట్టొద్దు. తిరుమలలో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరని మనకెవరు పాఠం చెప్పారు? కొండకు బయల్దేరే ముందు అమ్మ జడలో పూలు తీసేస్తుంటే చూసి నేర్చుకున్నాం. అక్కడా ముందు చూడటమే.

అసలు చిక్కు సాయం దగ్గరే వస్తుంది. మన దగ్గర ముసలామె చేతిలో సంచి ఉంటే అడక్కుండా అందుకుంటాం. అక్కడ చక్రాల కుర్చీ మీద చెయ్యి వేయాలన్నా అడగాలి. గది తలుపు తీసే ఉన్నా తట్టి, రమ్మన్నాకే లోపలికి పోవాలి. నేనున్న చోట ఒక పెద్దావిడకి చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది, చేతులు వణికేవి. నర్సు పక్కనే నిలబడి చూస్తుండేది తప్ప ముట్టుకునేది కాదు. ఇదేం రాతిగుండె అనిపించేది నాకు. తర్వాత తెలిసింది, చేసుకోగలిగినంత కాలం వాళ్ళ పని వాళ్ళచేతే చేయించడం అక్కడ సంరక్షణలో భాగమని. నాకిప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. అట్లని మంచంలో కూర్చోబెట్టి అన్నీ చేసిపెట్టే మన తీరే మేలనీ అనలేను.

వద్దంటే వద్దనే అర్థం. మనింట్లో మూడుసార్లు వద్దన్నా కంచంలో ఇంకో సంగటి ముద్ద పడుతుంది, అక్కడ మొహమాటానికి వద్దన్నావో గిన్నె పక్కకెళ్ళిపోతుంది. తల అటూ ఇటూ ఊపితే అవునో కాదో వాళ్ళకి తెలీదు, నోటితో చెప్పు.

పెద్దవాళ్ళు తామై 'నువ్వు' అనమనేదాకా 'మీరు' వదలకు, అది మనకి తేలికే. ఆదివారం చప్పుడయ్యే పనులు, అంటే డ్రిల్లింగు, గడ్డి కోసే మిషను, గాజు సీసాలు డబ్బాలో వేయడం కూడదు. బండి ఒక్కటీ రాకున్నా, పిల్లలు చూస్తుంటే మరీ, ఎర్రలైటుకి ఆగుతారు. తిరుపతిలో లీలామహల్ సెంటర్ రోడ్డు దాటి పెరిగినోళ్ళకి ఇది కొంచెం కష్టమే!

తెలీనిది అడిగెయ్. 27 ఏళ్ళలోపు వాళ్ళకి ఏడాదికి 25 రోజుల సెమినార్లుంటాయి. అక్కడ నీ ఈడు జర్మన్ పిల్లల్ని పట్టుకో, సూపర్వైజరు చెప్పనివన్నీ వాళ్ళు చెప్తారు.

ఇంకోటి. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్క రోజు ముందు కూడా చెప్పకు, అపశకునమంటారు. నీ పుట్టినరోజున కేకు తేవాల్సింది నువ్వే. కేకు చేయడం రాకపోతే వెళ్ళేలోపు మీ అమ్మ దగ్గర రవ్వకేసరి నేర్చుకో, చక్కెర మాత్రం సగమే వెయ్యి.