టెక్ సందేహాలు: ముందు పైథానా, సీనా, జావానా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం ప్రోగ్రామింగ్ గురించే. కోడ్‌లో వచ్చే మాటలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో కొట్టండి.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ అయింది సార్. నెల్లూరులో బీటెక్ సీఎస్ఈ సీటు వచ్చింది. క్లాసులకు ఇంకా రెండు నెలల టైముంది. సీనియర్లు సీ అంటున్నారు, మా మామయ్య జావా అంటున్నాడు, యూట్యూబ్‌లో అందరూ పైథాన్ అంటున్నారు. మా ఊళ్లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 45 రోజుల్లో అయిదు లాంగ్వేజీలు నేర్పిస్తామంటున్నారు. చేరమంటారా?
- కావలి పాఠకుడు

జవాబు: 45 రోజులకు అయిదంటే ఒక్కోదానికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో లూపుల (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) దాకా వస్తారు, పదో రోజు ఇంకో లాంగ్వేజీలో మళ్లీ మొదటి నుంచి అవే లూపులు. అయిదుసార్లు లూపులు నేర్చుకోవడానికి ఫీజు కట్టక్కర్లేదు.

మీ రెండు నెలలనూ ఇలా వాడుకోండి: ఆరు వారాలు పైథాన్, చివరి రెండు వారాలు సీ. జావాను ఇప్పుడు ముట్టుకోవద్దు. నెల్లూరు కాలేజీలు ఎక్కువగా జేఎన్‌టీయూ అనంతపురం కిందకు వస్తాయి, ఒంగోలు వైపువి జేఎన్‌టీయూ కాకినాడ కిందకు. రెండుచోట్లా ఆర్23 (2023 నాటి రెగ్యులేషన్) సిలబస్‌లో మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ పేపర్ సీలోనే. జావా రెండో ఏడాదిలో వస్తుంది. మీ బ్యాచ్‌కు రెగ్యులేషన్ ఏమైనా మారిందేమో యూనివర్సిటీ సైట్‌లో ఒకసారి చూసుకోండి. క్లాసులకు పది, పదిహేను రోజులే మిగిలి ఉంటే పైథాన్ మాట మరిచిపోయి నేరుగా సీ మొదలుపెట్టండి.

పేపర్ సీలో ఉంటే పైథాన్ ముందెందుకు? కొత్తవాళ్లకు కష్టమయ్యేది సీలో వాక్యం చివర పెట్టే సెమికోలన్ కాదు, లెక్కను మెట్లు మెట్లుగా విడగొట్టడం. అది పైథాన్‌లో త్వరగా పట్టుబడుతుంది. పట్టుబడ్డాక సీలో మారేది రాసే తీరు, దాంతోపాటు డేటా టైపులు (విలువ ఏ రకందో ముందే చెప్పడం), పాయింటర్లు (మెమరీలో విలువ ఉన్న చోటును చూపేవి). ఆ చివరి రెండు వారాలూ వీటికే.

మొదటి ప్రోగ్రాంగా పుట్లను కిలోల్లోకి మార్చేది రాయండి. నెల్లూరు లెక్కలో పుట్టి ధాన్యం 850 కిలోలు. ఎన్ని పుట్లో అడగాలి, 850తో గుణించాలి, చూపించాలి. మూడు లైన్ల పనే. కానీ చాలామందికి మొదటిసారి 3 కొడితే 2550 రాదు, స్క్రీన్ నిండా 3లు వస్తాయి. ఓపిగ్గా లెక్కపెడితే సరిగ్గా 850 ఉంటాయి. కీబోర్డు నుంచి తీసుకునే ఇన్‌పుట్() ఇచ్చేది సంఖ్యను కాదు, అక్షరాల వరసను. అక్షరాల వరసను 850తో గుణించమంటే పైథాన్ దాన్ని 850 సార్లు పక్కపక్కన పేరుస్తుంది. దాని దృష్టిలో ఇది తప్పే కాదు కాబట్టి ఎర్రర్ కూడా చూపదు. దాన్ని పూర్ణసంఖ్యగా మార్చే ఇంట్‌ను కలిపి ఇంట్(ఇన్‌పుట్()) అని రాస్తే 2550 వస్తుంది.

మరి రెండున్నర పుట్లయితే? 2.5 కొట్టగానే ఇంట్ దగ్గర వాల్యూఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగుతుంది, ఏ లైన్‌లో ఆగిందో కూడా చెబుతుంది. ఇంట్ తీసి, దశాంశాలను పట్టే ఫ్లోట్ పెడితే 2125.0 వస్తుంది. ఇదే సీలో, కీబోర్డు నుంచి చదివే స్కాన్ఎఫ్ దగ్గర పూర్ణసంఖ్య గుర్తు %డి పెట్టి 2.5 కొట్టండి. ఎర్రర్ ఉండదు. 2 వరకే తీసుకుని 1700 అని చూపిస్తుంది. 425 కిలోల ధాన్యం చప్పుడు లేకుండా మాయం. పైథాన్‌ను ముందు పెట్టమనడానికి ఇదీ ఒక కారణం. ఆ తర్వాత సీ నేర్చుకుంటే, ఆ ధాన్యం ఎక్కడ పోయిందో వెతికే అలవాటు మీకు అప్పటికే ఉంటుంది.

విండోస్‌లో పైథాన్ ఎక్కించేటప్పుడు మొదటి తెరపై కింద 'యాడ్ పైథాన్ టు పాత్' అన్న గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టకుండా ముందుకెళితే, తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది, లేదా ఆ కమాండ్ తెలియదంటుంది. తీసేసి మళ్లీ ఎక్కించక్కర్లేదు. అదే ఇన్‌స్టాలర్‌ను ఇంకోసారి నడిపి 'మాడిఫై' నొక్కండి, రెండో తెరలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ గడికి టిక్ పెట్టండి. అప్పటిదాకా పైథాన్ బదులు 'పీవై' అని కొట్టినా నడుస్తుంది.

జిరాక్సు షాపుల్లో దొరికే నోట్సులో ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2 కాలం నాటిది. దానికి సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది. డబ్బు పెట్టి కొనకండి. వాట్సాప్‌లోనో పీడీఎఫ్‌లోనో వచ్చిన కోడ్‌ను కాపీ చేస్తే కొటేషన్ గుర్తులు వంకరవి వస్తాయి. పైథాన్ వాటిని ఒప్పుకోదు, 'ఇన్‌వాలిడ్ క్యారెక్టర్' అంటుంది. వాటిని చెరిపి కీబోర్డుతో మళ్లీ కొడితే సరిపోతుంది. అసలు మొదటి నెలంతా కాపీ చేయకుండా చేత్తోనే కొట్టండి.

పైథాన్ నుంచి సీకి ఎప్పుడు మారాలి? కరెంటు బిల్లు శ్లాబుల లెక్క, ఒక పేరాలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే లెక్క, మార్కుల ఫైలు చదివి సగటు తీసే ప్రోగ్రాం, ఈ మూడూ ఏమీ చూడకుండా రాయగలిగినప్పుడు. వీడియోలో చూసి అర్థమైంది కదా అంటే కుదరదు.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీ మీద నేర్పుతున్నారు. అక్కడ నడిచిన ప్రోగ్రాం ఇంట్లో కోడ్‌బ్లాక్స్‌లో నడవడం లేదు. క్లియర్‌స్క్రీన్ దగ్గర ఎర్రర్ వస్తోంది. ఏది సరైనది?
- చీమకుర్తి పాఠకుడు

జవాబు: ఇంట్లో ఉన్నదే సరైనది. టర్బో సీ విండోస్‌కు ముందటి డాస్ కాలం సరుకు. మీరు క్లియర్‌స్క్రీన్ అంటున్న క్లర్‌ఎస్‌సీఆర్() దాని సొంత ఫంక్షన్, సీ ప్రమాణంలో లేదు. ఆ లైన్ తీసేయండి. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ అని రాసి, చివర రిటర్న్ 0 పెట్టండి. ఇలా రాసింది ల్యాబ్‌లోనూ నడుస్తుంది. కీ నొక్కేదాకా తెరను ఆపి ఉంచే గెట్‌సీహెచ్ చివర ఎలాగూ కోడ్‌బ్లాక్స్‌కు అక్కర్లేదు, అవుట్‌పుట్ కిటికీ దానంతటదే ఆగి ఉంటుంది.

తేడా రాతలోనే కాదు, లెక్కలోనూ ఉంది. టర్బో సీలో ఇంట్‌కు 16 బిట్లే, 32,767 దాటి పట్టదు. పై ఉత్తరంలోని పుట్ల ప్రోగ్రాంనే అక్కడ నడపండి. 38 పుట్లకు 32,300 అని సరిగ్గా చెబుతుంది. 39 పుట్లకు 33,150 రావాలి, మైనస్ 32,386 వస్తుంది. కోడ్‌బ్లాక్స్‌తో వచ్చే జీసీసీ కంపైలర్‌లో (కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చేది) ఇంట్ 32 బిట్లు, 214 కోట్ల పైదాకా పడుతుంది. ల్యాబ్ రికార్డులో పెద్ద సంఖ్యలుంటే లాంగ్ వాడి %ఎల్‌డీతో చూపించండి, రెండుచోట్లా ఒకే జవాబు వస్తుంది.

కోడ్‌బ్లాక్స్ కొత్తగా దింపుకునేవారు పేరులో 'మింగ్‌డబ్ల్యూ' ఉన్న ఫైలే తీసుకోవాలి. అది లేనిదాంట్లో కంపైలర్ ఉండదు. ప్రోగ్రాం రాయడం వరకే అవుతుంది, నడవదు.

ప్రశ్న: బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ మాత్రమే ఉంది. ఇప్పుడే ల్యాప్‌టాప్ కొనమని నాన్నను అడగలేను. నేనూ పైథాన్ నేర్చుకోవచ్చా?
- ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నేర్చుకోవచ్చమ్మా. కానీ మీరు పైథాన్‌ను మూడో స్థానంలో పెట్టండి. అకౌంట్స్ ఉద్యోగాల్లో ముందు అడిగేది ఎక్సెల్. వీలుకప్, పివట్ టేబుల్, సమ్‌ఇఫ్స్ చెయ్యి తిరగాలి. రెండోది డేటాబేస్‌లతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. పట్టికలోంచి కావలసిన వరసలు తీయడం, రెండు పట్టికలు కలపడం, ఖాతాదారు వారీగా మొత్తాలు కట్టడం, ఇంతవరకు నెలలో వస్తుంది. బీకాం చదివినవారికి లెడ్జర్ అలవాటే కనుక ఇంజినీరింగ్ పిల్లలకన్నా ఇది మీకే సులువు.

పైథాన్‌కు ప్లే స్టోర్‌లో పైడ్రాయిడ్ 3 ఉంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది. చిక్కంతా టైపింగ్‌తోనే. బ్రాకెట్లు, కోలన్లు ఫోన్ కీబోర్డులో రెండో పొరలో దాక్కుంటాయి, ఆటోకరెక్ట్ మధ్యలో దూరి మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది. పెద్ద అక్షరంతో మొదలైన ప్రింట్ పైథాన్‌కు తెలియదు. ఆటోకరెక్ట్, ఆటో క్యాపిటలైజేషన్ రెండూ ఆపేయండి. ఓటీజీ కేబుల్‌తో మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే సగం బాధ తీరుతుంది. ఎక్సెల్ మాత్రం ఫోన్‌లో వద్దు, కాలేజీ ల్యాబ్‌లోనే చేయండి.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్, విండోస్ 7, 4 జీబీ ర్యామ్. కొత్త పైథాన్ ఎక్కడం లేదు. పారేయాల్సిందేనా?
- ఆత్మకూరు పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7ను వదిలేశారు, అందుకే కొత్త ఇన్‌స్టాలర్ మొరాయిస్తోంది. థాన్నీ అనే చిన్న ఎడిటర్‌లో 32 బిట్ రకం దించుకోండి. పైథాన్ 3.8 దాంట్లోనే కలిసి వస్తుంది, విండోస్ 7 మీద నడుస్తుంది. నేర్చుకోవడానికి 3.8 చాలు. ప్రోగ్రాం ఒక్కో మెట్టు నడుస్తుంటే వేరియబుల్ విలువ ఎలా మారుతోందో పక్కనే చూపిస్తుంది కాబట్టి, కొత్త ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకూ దీన్నే ముందు వాడమంటాం.

ఇంకాస్త ధైర్యం ఉంటే ఫైళ్లన్నీ వేరేచోట దాచుకుని విండోస్ బదులు లైనెక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించండి. ఎక్కించడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. పైథాన్ అందులో ముందే ఉంటుంది. కమాండ్ 'పైథాన్3' అని కొట్టాలి, 3 మరవద్దు.

ప్రశ్న: హెచ్‌టీఎంఎల్ వస్తే ప్రోగ్రామింగ్ వచ్చినట్టేనా?
- గూడూరు పాఠకుడు

జవాబు: కాదు. పేజీలో ఏది శీర్షిక, ఏది పేరా, బొమ్మ ఎక్కడ అని చెప్పడమే దాని పని. 'ఇలా అయితే అలా చెయ్' అనడం దానికి రాదు. వెబ్ మీదే మనసుంటే పైథాన్ బదులు జావాస్క్రిప్ట్‌తో మొదలుపెట్టండి. పేరు కలిసినా జావాతో దీనికి చుట్టరికం లేదు. ఏమీ దింపుకోనక్కర్లేదు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి, కన్సోల్ అన్న ట్యాబ్‌లోకి వెళ్లి 3 * 850 కొట్టి ఎంటర్ చేయండి.