ట్యాగులు పెట్టే పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీకాం అయ్యాక రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్ టీమ్‌లో చేరింది. ఆరు నెలలు కస్టమర్ల ఫోన్లు చూసింది. ఇప్పుడు, కస్టమర్లు తమంతట తామే చదువుకునే 300 హెల్ప్ ఆర్టికల్స్‌కి ట్యాగులు, అంటే వెతికితే దొరికేలా తగిలించే గుర్తు మాటలు, పెట్టమన్నారట. గుమాస్తా పనిలా ఉంది, మానేసి బ్యాంకు కోచింగ్‌లో చేరతానంటోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: ఆర్టికల్ చదివి తోచిన నాలుగు మాటలు తగిలించేస్తే అది గుమాస్తా పనే. కానీ జనం ఏ మాటతో వెతుకుతారో ఆర్టికల్ రాసినవాళ్లకు తెలియదు. ఆరు నెలలు ఫోన్లు ఎత్తిన మీ అమ్మాయికి తెలుసు. మన ఊరినే చూడండి: కాగితం మీద విశాఖపట్నం, నోటితో వైజాగ్. ఆర్టికల్‌లో ‘విద్యుత్ చార్జీల చెల్లింపు’ అని ఉంటే, కస్టమర్ ‘కరెంటు బిల్లు’ అని కొడతాడు. ఏమీ దొరక్క ఫోన్ చేస్తాడు.

కాబట్టి ముందే ట్యాగులు మొదలుపెట్టొద్దనండి. అడ్మిన్‌ని అడిగి గత మూడు నెలల్లో కస్టమర్లు ఏ మాటలతో వెతికారో చూపే సెర్చ్ రిపోర్టు తీయించాలి. అందులో అసలు సరుకు, ఫలితం సున్నా వచ్చిన మాటలు. వాటితో ఎక్సెల్‌లో నాలుగు గడుల జాబితా చేయాలి: ఖాయం చేసిన ట్యాగు, దానికి జనం వాడే మారుపేర్లు, ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు. ఈ చివరి గడిని అందరూ ఎగ్గొడతారు. ‘రీఫండ్’, ‘క్యాన్సిల్’ కలగాపులగం అయ్యేది అందువల్లే.

ఆర్టికల్‌కి మూడు నుంచి ఐదు ట్యాగులు చాలు. పదిహేను పెడితే సంబంధం లేని ఆర్టికల్స్ కూడా పైకి తేలతాయి. ‘సహాయం’, ‘ముఖ్యం’ లాంటివి ప్రతిదానికీ అతుకుతాయి గనక దేన్నీ వేరు చేయవు. తెలుగు ట్యాగుల్లో ఇంకో చిక్కుంది. బిల్లు, బిల్లులు, బిల్లుకి అని విడివిడిగా పెడితే ఒకే విషయం మూడు ముక్కలవుతుంది. ఏకవచనం, విభక్తి లేని రూపం ఒక్కటే ఉంచాలి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాట మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది. కొందరి కీబోర్డు దాన్ని వేస్తుంది, కొందరిది వేయదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ రెంటినీ వేర్వేరు మాటలనుకుంటాయి. అందుకే ట్యాగుని టైపు చేయకుండా జాబితా నుంచి కాపీ చేయాలి.

కంపెనీ వాడే సాఫ్ట్‌వేర్‌లో ట్యాగు సెర్చ్‌లో లెక్కకొస్తుందా, నొక్కితే ఆర్టికల్స్ చూపించడానికి మాత్రమేనా అన్నది మొదటిరోజే ఏ ఆర్టికల్‌లోనూ లేని ఒక ఉత్తుత్తి మాటని ట్యాగుగా పెట్టి, వెతికి తేల్చుకోవాలి. సెర్చ్‌లో లెక్కకు రాకపోతే మారుపేర్లను శీర్షికలోనో, మొదటి పేరాలోనో రాయక తప్పదు.

ఇదంతా నిజానికి గ్రంథాలయ విద్య. ఒకే పుస్తకాన్ని పలు కోణాల నుంచి వర్గీకరించే పద్ధతిని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లోనే కోలన్ వర్గీకరణతో చూపారు. ఆసక్తి కుదిరితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లైబ్రరీ సైన్స్ ఉంది. టెక్నికల్ రైటర్, నాలెడ్జ్ మేనేజర్ ఉద్యోగాలకు ఇటునుంచీ దారి ఉంది, కాకపోతే ఇంగ్లిష్‌లో శుభ్రంగా రాయడం రావాలి.

రెజ్యూమేలో ‘ట్యాగులు పెట్టాను’ అంటే ఎవరూ చూడరు. పని మొదలయ్యే ముందే, కస్టమర్లు అడిగిన 20 ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే రాసుకుని వెతకమనండి. ఎన్నింటికి సరైన ఆర్టికల్ మొదటి మూడింట్లో వచ్చిందో లెక్క పెట్టాలి. పని అయ్యాక అవే 20 మళ్లీ వెతకాలి. రెజ్యూమేలో రాయాల్సింది ఆ రెండు లెక్కల తేడా. బ్యాంకు పరీక్ష రాస్తానంటే రాయనివ్వండి, కానీ ఆ రెండో లెక్క చేతికొచ్చేదాకా రాజీనామా మాత్రం వద్దు.