మీ కుక్క బ్రౌనీ అరుపుల సంగతి

అమ్మలూ,

పక్కింటాయన పేపర్ మిల్లులో నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకోగానే బ్రౌనీ అరుపులు మొదలవుతున్నాయని, ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని టెన్షన్ పడుతూ రాశావు. దాన్ని ఎవరికో ఇచ్చేద్దామన్న ఆలోచన మాత్రం పెట్టుకోకు తల్లీ. అది దారికొస్తుంది.

ముందు ఎప్పుడు, దేన్ని చూసి అరుస్తోందో ఒక వారం రాసుకో. వీధిలో మనుషుల్ని చూసి అరవడం వేరు, నువ్వు తాళం వేసి వెళ్లగానే మొదలయ్యే ఏడుపు వేరు, బిస్కెట్ కోసం నీ మొహంలోకి చూస్తూ అరవడం వేరు. అన్నింటికీ ఒకే మందు పనిచేయదు.

నువ్వు రాసినదాన్ని బట్టి మీది గేటు దగ్గర గొడవే. పాలబ్బాయి వస్తాడు, ఇది అరుస్తుంది, అతను పాలు పోసి వెళ్లిపోతాడు. తన అరుపుకి భయపడే పోయాడని దాని లెక్క. రోజూ తనే గెలుస్తుంటే ఎందుకు మానుతుంది? పైగా లోపల్నుంచి నువ్వు "నోర్ముయ్" అని కేకేస్తే, నువ్వూ తోడు అరుస్తున్నావనుకుంటుంది. గేటు ఊచలకి గ్రీన్ నెట్ కట్టించు. వీధి కనపడకపోతే చాలావరకు తగ్గుతుంది. ఉడికించిన కోడిమాంసం గోరంత ముక్కలు చేసి డబ్బాలో పెట్టుకో. అరుస్తూ అరుస్తూ ఊపిరి కోసం ఆగుతుంది చూడు, సరిగ్గా అప్పుడే మెల్లగా "చాలు" అని ముక్క అందించు. ఆలస్యమైతే దేనికిచ్చావో దానికి అర్థం కాదు. రెండు సెకన్లు ఊరుకోవడం వచ్చాక ఐదు, ఆ తర్వాత పది, అలా పెంచు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరముక్క పెట్టకు, కుక్కలకి అవి విషం.

బిస్కెట్ కోసం అరిస్తే అటు తిరిగి కూర్చో. మొదట్లో ఇంకా రెచ్చిపోతుంది. అప్పుడు జాలిపడి ఇచ్చావా, గట్టిగా అరిస్తేనే దొరుకుతుందని నేర్చేసుకుంటుంది.

పొద్దస్తమానం గొలుసుతో కట్టేస్తే ఏ కుక్కైనా అరుస్తుంది. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని సరిగ్గా తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. ఎండెక్కకముందే నడకకి తీసుకెళ్లు. ఆగి వాసన చూస్తానంటే చూడనీ, లాక్కురాకు. బాగా తిరిగొచ్చిన కుక్క పడుకుంటుంది, పక్కింటాయనా పడుకుంటాడు. ఆయన నిద్రపోయే గంటల్లో దాన్ని వెనక గదిలో ఉంచు. నీకొచ్చిన ఒడియాలోనే వెళ్లి ఆయనతో మాట్లాడు, ప్రయత్నం చేస్తున్నామని చెప్పు. చెప్పా పెట్టకుండా ఉంటేనే మనుషులకి కోపం. చైత్రంలో మీ రాయగడ మజ్జిగౌరమ్మ జాతరకి జనం పెరిగేలోపు ఇదంతా అలవాటు చెయ్యి.

కొట్టొద్దు, షాక్ కొట్టే పట్టీలు అసలొద్దు. భయపడిన కుక్క కరుస్తుంది.

తల విదిలిస్తూ, చెవి గోక్కుంటూ అరుస్తుంటే అది నొప్పి, పశువుల డాక్టర్‌కి చూపించు. గొంతు మారి, చొంగ కారుస్తుంటే మాత్రం అది రేబిస్ కావచ్చు, దగ్గరికెళ్లకు, పిల్లల్ని వెళ్లనివ్వకు, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. రేబిస్ టీకా వేయించిందీ లేనిదీ నువ్వు రాయలేదు. వేయించకపోతే రేపే తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ,
పర్లాకిమిడి