కోడలు తిరిగి ఉద్యోగానికి వెళ్లే ముందు

జయనగర్, బెంగళూరు.

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. వచ్చే నెలతో కోడలి 26 వారాల ప్రసూతి సెలవు ముగుస్తుందనీ, నెల్లూరు నుంచి మీ అమ్మను రప్పిస్తే ఇబ్బంది తీరిపోతుందని నీవు అన్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. దానివల్ల ఇంటిపని ఒక ఆడమనిషి చేతిలో నుంచి మోకాళ్ల నొప్పులున్న మరో ఆడమనిషి చేతిలోకి వెళ్తుందే తప్ప నీ వంతుకు ఏమీ రాదు.

జీతంలేని ఇంటిపని చేసేవారిలో ఆడవారు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవారు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని 2024 నాటి ప్రభుత్వ సర్వే తేల్చింది. 2019లో ఇవి 299, 97. అంటే ఆడవారికి తగ్గిన ఆ కాస్త పనినీ మగవారు అందుకోలేదు సరికదా, తమ వంతూ తగ్గించుకున్నారు!

నీవు చేయవలసినది ఏమిటంటే, కొన్ని పనులను మొదటి నుంచి చివరి దాకా నీవిగా తీసుకోవడం. ఇడ్లీపిండి నీ పని అనుకుంటే, మినప్పప్పు నిండుకుందని గమనించడం, మధ్యాహ్నమే నానబోయడం, రాత్రి రుబ్బి గిన్నె కడిగి బోర్లించడం వరకు అన్నీ నీవే చూడాలి. "ఏం చేయమంటావో చెప్పు" అని అడిగినంతకాలం గుర్తుపెట్టుకునే భారం కోడలిదే. పాపకు తొమ్మిది నెలలు నిండగానే వేయించవలసిన తట్టు టీకా సంగతి కూడా నీవే చూసుకో.

ఆఫీసులో ఇది మరీ ముఖ్యం. సాయంత్రం ఆరున్నరకు మీటింగు పెడితే, పాపను క్రెష్ నుంచి తీసుకురావాలి కాబట్టి రాలేనని మేనేజరుకు నీవు చెప్పాలి. ఇన్నాళ్లూ ఆ మాట ఆడవారే చెబుతూ వచ్చినందువల్ల ప్రమోషన్లు కూడా వారికే ఆగిపోయాయి. తండ్రికి సెలవు ఇచ్చి తీరాలన్న చట్టం ప్రైవేటు కంపెనీలకు లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగికైతే 15 రోజులు ఉంది. మీ కంపెనీ ఎన్ని ఇస్తే అన్నీ వాడుకో, మొహమాటపడకు.

కోడలి జీతాన్ని పైఖర్చులకు వదిలేయకుండా ఫ్లాటు వాయిదాలో కలుపు, పత్రాల్లో ఆమె పేరూ ఉండనీ. సంపాదించవలసినది మగవాడే అని భుజాన వేసుకుని, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక కుమిలిపోయిన కుర్రాళ్లను మా అపార్టుమెంటులోనే చూశాను.

మీ అమ్మ వచ్చినప్పుడు నీ చేతిలో చీపురు చూసి నొచ్చుకుంటుంది, కోడలిని ఒక మాట కూడా అనవచ్చు. దానికి జవాబు చెప్పవలసినవాడివి నీవే. అది కూడా తరువాత చాటుగా కాదు, అక్కడే, కోడలు వింటుండగా.

ఇట్లు,
మీ పెదనాన్న