ఏడు రోజుల్లో సంతకం పెట్టకపోతే నా డబ్బు పోతుందా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. కెనడాలోని అంటారియో రాష్ట్రంలో, మిసిసాగాలో ఉంటాం, పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉంది. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌గా తొమ్మిదేళ్లు పూర్తిచేశాను. జీతం వారానికి 2,000 డాలర్లు. మొన్న మా మేనేజర్, హెచ్ఆర్ ఇద్దరూ వీడియో కాల్‌లోకి వచ్చి ‘రీస్ట్రక్చరింగ్‌లో మీ పోస్టు తీసేశాం’ అన్నారు. కాల్ అయ్యేసరికి లాప్‌టాప్ లాక్ అయిపోయింది. 18 వారాల జీతం ఇస్తారట. కంపెనీ మీద ఇక ఏ క్లెయిమూ వేయనని ఏడు రోజుల్లో సంతకం పెట్టాలట. ఇంటి లోన్ ఉంది, ఇద్దరు పిల్లలు. చాలా టెన్షన్‌గా ఉంది. సంతకం పెట్టేయనా? పీఆర్‌కి ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. ఆ ఏడు రోజుల గడువు కంపెనీ పెట్టుకున్నదే, చట్టంలో అలాంటిదేమీ లేదు. ‘లెటర్ అందింది. లాయర్‌కి చూపించాలి, గడువు రెండు వారాలు పెంచండి’ అని ఈ రోజే హెచ్ఆర్‌కి మీ సొంత ఈమెయిల్ నుంచి మర్యాదగా రాయండి. ఇలా అడిగితే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

ముందు ఆ 18 వారాల లెక్క చూద్దాం. అంటారియో ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ యాక్ట్ ప్రకారం ఎనిమిదేళ్లు దాటిన ఉద్యోగికి ఎనిమిది వారాల నోటీసు గానీ, దానికి బదులు జీతం గానీ ఇవ్వాలి. ఇది టర్మినేషన్ పే. ఐదేళ్లు నిండినవాళ్లకు ఇది కాక సెవరెన్స్ పే కూడా ఉంటుంది. కంపెనీ ఏడాదికి జీతాల కింద కనీసం 25 లక్షల డాలర్లు ఖర్చుపెడుతుంటే, సర్వీసులో ఏడాదికి ఒక వారం చొప్పున, 26 వారాలు మించకుండా ఇవ్వాలి. మీ కంపెనీ ఆ స్థాయిదైతే ఎనిమిదీ తొమ్మిదీ కలిపి 17 వారాలు, అంటే 34,000 డాలర్లు. మీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా ఈ డబ్బు మీకు రావాల్సిందే. దీన్ని సంతకంతో ముడిపెట్టే హక్కు కంపెనీకి లేదు. అంటే మీ హక్కులన్నీ వదులుకున్నందుకు వాళ్లు అదనంగా ఇస్తున్నది ఒక్క వారం జీతం, 2,000 డాలర్లు. నాకు కోపం తెప్పించేది ఇదే. ఉద్యోగం పోయిన షాక్‌లో ఉన్న మనిషి ఈ లెక్క వేసుకోలేడు.

పైగా ఆ 17 వారాలు చట్టం చెప్పే కనీసం మాత్రమే. కాంట్రాక్టులో చెల్లుబాటయ్యే షరతు ఏదీ అడ్డు లేకపోతే, కోర్టు ‘న్యాయమైన నోటీసు’ (తీసేసే ముందు చెప్పాల్సిన కాలం, చెప్పకపోతే ఆ కాలానికి జీతం) ఎంతో విడిగా లెక్కిస్తుంది. దీనికి ఇప్పటికీ ఆధారం 1960 నాటి బార్డల్ కేసు. గ్లోబ్ అండ్ మెయిల్ పత్రికలో అడ్వర్టైజింగ్ డైరెక్టర్‌గా ఉన్న ఆయనకు కోర్టు ఏడాది నోటీసు ఇప్పించింది. వయసు, సర్వీసు, ఉద్యోగ స్వభావం, అలాంటి ఉద్యోగం మళ్లీ దొరికే అవకాశం, ఈ నాలుగూ చూడాలంది. ఏడాదికి నెల అనే ఫార్ములా ఏదీ లేదు. కానీ మీ వయసుకు, మీ హోదాకు, తొమ్మిదేళ్ల సర్వీసుకు ఎనిమిది నెలలు అడగడం అత్యాశేమీ కాదు. అది దాదాపు 69,000 డాలర్లు, చట్టం ఇచ్చే 34,000 కూడా అందులో కలిపే. బోనస్ వస్తుండేదైతే దాన్నీ లెక్కలోకి తెమ్మని అడగవచ్చు.

ఇక కాంట్రాక్టు సంగతి. చేరేటప్పుడు సంతకం పెట్టిన ఆఫర్ లెటర్ వెతకండి. లాప్‌టాప్‌లోనే ఉండిపోతే హెచ్ఆర్‌ని కాపీ అడగండి. ‘టర్మినేషన్’ అన్న పేరాలో ‘చట్టం చెప్పిన కనీసం మాత్రమే ఇస్తాం’ అని ఉండొచ్చు. అది చూసి నీరుగారిపోకండి, దాని పక్క వాక్యం కూడా చదవండి. ‘తగిన కారణం ఉంటే నోటీసు, డబ్బు ఏదీ ఇవ్వకుండా తీసేయవచ్చు’ అని చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. చట్టం మాత్రం ఉద్యోగి కావాలని చేసిన తీవ్రమైన తప్పుకే అలా ఆపనిస్తుంది. 2020లో వాక్స్‌డేల్ కేసులో అంటారియో అప్పీల్ కోర్టు ఏమందంటే, ఆ ఒక్క వాక్యం చట్టానికి విరుద్ధమైనా టర్మినేషన్ షరతులన్నీ చెల్లవు. ఆ ఉద్యోగిని కూడా మీలాగే ఏ తప్పూ లేకుండానే తీశారు. ఆ కేసు తర్వాత ఎంతోమంది పాత కాంట్రాక్టులు కోర్టులో నిలవలేదు.

మీ వైపు నుంచి ఒక బాధ్యత ఉంది. కొత్త ఉద్యోగం కోసం నిజంగా ప్రయత్నించాలి. ఎక్కడెక్కడ అప్లై చేశారో తేదీలతో రాసిపెట్టుకోండి. మధ్యలో ఉద్యోగం దొరికితే ఆ సంపాదన కోర్టు ఇచ్చే మొత్తంలోంచి తగ్గుతుంది, చట్టబద్ధమైన 17 వారాలు మాత్రం తగ్గవు.

రాజీనామా ఇవ్వమని అడిగితే ఇవ్వకండి. హైదరాబాద్ ఆఫీసుల్లో రికార్డు బాగుంటుందని రాజీనామా ఇచ్చి రిలీవింగ్ లెటర్ తీసుకునే అలవాటు మనవాళ్లకు ఉంది. ఇక్కడ అలా చేస్తే సెవరెన్స్‌తోపాటు ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ (ఈఐ), అంటే ఉద్యోగం పోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే భృతి, కూడా చేజారవచ్చు. ఈఐకి కంపెనీ నుంచి కాగితం రాలేదని ఆగకండి, చివరి పనిరోజు నుంచి నాలుగు వారాల్లోపు అప్లై చేయాలి.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఖర్చు లేదు కదా అని టర్మినేషన్, సెవరెన్స్ పే కోసం కార్మిక శాఖలో ఫిర్యాదు వేసేస్తారు. అలా వేసి, రెండు వారాల్లో వెనక్కి తీసుకోకపోతే, అదే విషయం మీద కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుంది. అక్కడ దొరికేది కనీసం మాత్రమే, మీ అసలు విలువ కోర్టు వైపు ఉంది. దావాకి రెండేళ్ల గడువు ఉంది, తొందరలేదు. చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు పరిమితి 2025 అక్టోబర్ 1 నుంచి 50,000 డాలర్లకు పెరిగింది. కంపెనీ 34,000 ముందే కడితే మిగిలిన తేడా అక్కడే తేల్చుకోవచ్చు.

ఇదే ఇబ్బందిలో ఉన్న మరో పాఠకుడు బ్యాంకులోనో, టెలికాం కంపెనీలోనో పనిచేస్తుంటే పై లెక్క వర్తించదు. వాళ్లకు వర్తించేది కెనడా లేబర్ కోడ్ అనే ఫెడరల్ (కేంద్ర) చట్టం. అన్యాయంగా తీసేశారని ఫిర్యాదు చేయడానికి 90 రోజులే ఉంటాయి, కాబట్టి వాళ్లు వెంటనే కదలాలి.

పీఆర్‌కి ఏ ఇబ్బందీ లేదు. అది ఉద్యోగంతో ముడిపడి లేదు, ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండటంతో ముడిపడి ఉంది. ఊరికెళ్లి నెలా రెండు నెలలు ఉండి వద్దామనుకుంటే మాత్రం కాస్త ఆగండి. దేశం బయట ఉన్న రోజులకు మామూలుగా ఈఐ రాదు. ఉద్యోగం వెతకలేదని కంపెనీ లాయరు ఎత్తిచూపేదీ దాన్నే.

లాయర్ల నియంత్రణ సంస్థ లా సొసైటీ ఆఫ్ అంటారియో నడిపే రెఫరల్ సర్వీసు ద్వారా లాయర్‌తో 30 నిమిషాల వరకు ఉచితంగా మాట్లాడవచ్చు. కంపెనీ లెటరు, పాత ఆఫర్ లెటరు, చివరి రెండు పే స్లిప్పులు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.