ఏడాది చందా కట్టిన టాస్క్ యాప్‌లో (చేయాల్సిన పనులు రాసుకునే యాప్) ప్రకటించిన సౌకర్యాలు సరిగా లేవు. ఏం చేయాలి?

క్యాలెండర్‌తో రెండు వైపులా అనుసంధానం ఉంటుందన్నారు, అది జరగడం లేదు. నెట్ లేకపోయినా పనిచేస్తుందన్నారు, తెరిస్తే ఖాళీ తెర వస్తోంది. అడిగితే "త్వరలో సరిచేస్తాం" అంటున్నారు. ఇదీ మీ బాధ. డబ్బు తీసుకునే సాఫ్ట్‌వేర్లన్నీ ఇంతేనా అని కూడా అడిగారు. అన్నీ ఇంతే కాదు. ఒక నోట్స్ యాప్‌కు నేను ఇప్పటికీ ఇష్టంగానే డబ్బు కడుతున్నాను. కానీ మీకు జరిగినది దాదాపు అంతా నాకూ ఒక టాస్క్ యాప్‌తో జరిగింది కాబట్టి చెబుతున్నాను.

నాది అనువాదాల పని. గడువు తప్పితే పని పోతుంది. క్యాలెండర్ అనుసంధానం కోసమే ఆ యాప్ కొన్నాను. యాప్‌లో రాసిన పనులు క్యాలెండర్‌లో చక్కగా కనిపించేవి. క్యాలెండర్‌లో ఒక సమావేశాన్ని ఇంకా ముందు సమయానికి జరిపితే మాత్రం యాప్ పాత సమయాన్నే పట్టుకుని కూర్చుంది. అవతల క్లయింటు నా కోసం ఎదురుచూశారు. తర్వాత తీరిగ్గా చూస్తే సంగతి తెలిసింది. వాళ్లు ఇచ్చింది ఒక ఐకాల్ లింకు మాత్రమే. ఆ లింకు ద్వారా సమాచారం ఒకవైపే వెళ్తుంది. క్యాలెండర్ దాన్ని అప్పుడప్పుడు వచ్చి చదువుకుంటుంది, కొన్నిసార్లు గంటల తరబడి చదవదు. మనం క్యాలెండర్‌లో చేసిన మార్పు వెనక్కి వెళ్లే దారే లేదు. నిజంగా రెండు వైపులా పనిచేయాలంటే, మొదట్లోనే మీ క్యాలెండర్ ఖాతాలోకి లాగిన్ అయి, చూడడానికీ మార్చడానికీ అనుమతి ఇవ్వమని యాప్ అడగాలి. లింకు కాపీ చేసుకోమంటే అది ఒకవైపు వ్యవహారమే. మీ యాప్‌లో ఏది ఉందో సెట్టింగుల్లో ఒకసారి చూడండి.

నెట్ లేకుండా పనిచేయడం ఇంకా కష్టమైన విషయం. చాలా యాప్‌లు లోపల వెబ్ పేజీనే చూపిస్తాయి. చివరిసారి చూసిన పేజీ ఫోనులో మిగిలి ఉంటే కనిపిస్తుంది, లేకపోతే లేదు. దానికే ప్రకటనలో ఆఫ్‌లైన్ అని పేరు పెడతారు. పరీక్షించడం తేలిక. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక పనిని మార్చండి, అదే పనిని కంప్యూటర్‌లో మరోలా మార్చండి, ఆ తర్వాత ఫోనుకు నెట్ ఇవ్వండి. మంచి యాప్ రెండు మార్పులనూ కలుపుతుంది, లేదా ఏది ఉంచాలని అడుగుతుంది. నాసిరకంది ఒకదాన్ని చెప్పకుండా చెరిపేస్తుంది. నా యాప్ చెరిపేసింది. సౌకర్యాల పట్టిక మాత్రం పేజీ నిండా ఉండేది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు.

డబ్బు విషయానికొస్తే, కోపంతో యాప్‌ను ఫోనులోంచి తీసేయకండి, దానివల్ల చందా ఆగదు. ముందు ప్రకటన పేజీని, అందులోని ఆ వాక్యాలతో సహా, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. వాళ్లు పేజీ మార్చేసి ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో పాత ప్రతి దొరకవచ్చు. నాకు అక్కడే దొరికింది. "మీ యాప్ బాగాలేదు" అని రాస్తే జవాబు రాలేదు. వాళ్ల వాక్యాన్నే పైన పెట్టి, నేను ఏం చేశానో, ఏం జరిగిందో కింద వరసగా రాసి, మిగిలిన నెలల డబ్బు ఇవ్వమని అడిగితే ఇచ్చారు. గూగుల్ ప్లేలో కొంటే సాధారణంగా మొదటి 48 గంటల్లో గూగుల్‌నే అడగవచ్చు, ఆ తర్వాత యాప్ తయారుచేసినవాళ్లను అడగాలి. ఆపిల్ యాప్ స్టోర్‌లో అయితే ఆపిల్‌నే అడగాలి.

ఉచిత యాప్‌కు మారితే సరిపోతుందని కొందరు చెబుతారు. నాకు ఆ ధీమా లేదు. ఎంతోమంది వాడిన వండర్‌లిస్ట్ అనే టాస్క్ యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని 2020 మేలో మూసేసింది. ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 నోట్లకు, ఒక్క నోట్‌బుక్‌కు కుదించింది. అందుకే నేను ఇప్పుడు ఏ యాప్‌లోనైనా ముందుగా ఎగుమతి సౌకర్యమే, అంటే మన సమాచారాన్ని ఫైలుగా బయటికి తీసుకునే వీలే చూస్తాను. మీట ఉంటే చాలదు, నొక్కి వచ్చిన ఫైలును తెరవాలి. సీఎస్‌వీ అనే పట్టిక ఫైలులో పని పేరు, తేదీ వస్తాయి, జతచేసిన ఫైళ్లు మాత్రం రావు. ఉపపనులు, వ్యాఖ్యలు కూడా చాలాసార్లు ఉండవు. మీరు డబ్బు అడిగే ఉత్తరం పంపకముందే ఆ ఎగుమతి చేసి పెట్టుకోండి; ఖాతా మూసేశాక మీ సమాచారం చేతికి రాకపోవచ్చు.

"త్వరలో" అన్న సౌకర్యం కోసం ఇంకో ఏడాది కట్టకండి. వస్తే అప్పుడే కొనవచ్చు. మీ చందా మళ్లీ ఎప్పుడు దానంతట అదే కొనసాగుతుందో ఈరోజే చూసుకోండి. ఆపిల్ ద్వారా కట్టి ఉంటే ఆ గడువుకు కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలి.