కంటి పక్కన సర్పి నొప్పికి కారం మందు రాయవచ్చా?

నాన్నగారికి నుదుటి మీద, కంటి చుట్టూ సర్పి లేచి తగ్గిందని, నాలుగు నెలలు దాటినా నొప్పి మాత్రం వదలడం లేదని, మిరపకాయలోని కారంతో చేసిన పూత మందు దీనికి పనిచేస్తుందని ఎవరో చెప్పారని, అది నిజమేనా అని, నొప్పి గ్రాహకాలను, అంటే నరాల కొసల్లో నొప్పిని పసిగట్టే ద్వారాలను, మూసివేసే కొత్త మందులేవైనా వస్తున్నాయా అని మీరు అడిగారు. నేను ఇరవై రెండేళ్లు ఫార్మసీ కళాశాలలో ఔషధశాస్త్రం బోధించాను. అయినా ఈ జవాబు ఆ పాఠాల బలంతో రాస్తున్నది కాదు. ఇదే నొప్పితో మూడేళ్ల క్రితం మా అమ్మ పడిన బాధను దగ్గరుండి చూసిన కొడుకుగా రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లా. అప్పటికి అమ్మకు డెబ్బై ఒకటో ఏడు. ముందు ఎడమ కనుబొమ పైన గుత్తులుగా నీటిపొక్కులు లేచాయి, రెండో రోజున ముక్కు కొస మీద ఒకే ఒక్క పొక్కు కనిపించింది. పక్కింటి పిన్ని చూసీ చూడగానే సర్పి అని తేల్చి, మంత్రం వేయించమంది. మా డాక్టరుగారు మాత్రం ముక్కు కొస మీది ఆ ఒక్క పొక్కును చూసి ఆ పూటే కంటి ఆసుపత్రికి పంపించారు, ఎందుకంటే ముక్కు కొసకు వెళ్లే నరం కొమ్మే కంటి లోపలికి కూడా వెళుతుంది. అసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు ఐదుసార్లు చొప్పున వారం రోజులు వాడాక పొక్కులు మాడిపోయాయి, చూపు దక్కింది, నొప్పి మిగిలిపోయింది. అది ఎటువంటి నొప్పి అంటే, దువ్వెన పన్ను తగిలినా, ఫ్యాను గాలి సోకినా నిప్పు కణిక అంటించినట్టు ఉండేదట. మే నెల ఎండల్లో ఫ్యాను ఆపించి, చీరకొంగు నుదుటికి చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేది.

నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ వేస్తే నిద్ర పట్టింది గాని మంట సగమే తగ్గింది. ఆ మందు పేరు పెట్టినవారి మీద నాకు పాత కోపం ఒకటుంది. గాబా అంటే మెదడులో నరాల జోరు తగ్గించే రసాయనం. పేరులో గాబా ఉన్నా, ఈ మందు గాబా గ్రాహకాల జోలికే పోదు. నరాల కొసల్లోని కాల్షియం ద్వారాలకు చెందిన ఆల్ఫా2డెల్టా అనే భాగాన్ని పట్టుకుని పనిచేస్తుంది. పరీక్షల్లో ఏటా సగం మంది విద్యార్థులు ఆ పేరును నమ్మి మార్కులు పోగొట్టుకునేవారు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను కళాశాలకు వెళ్లిన ఒక మధ్యాహ్నం మా తమ్ముడు మందుల షాపులో నొప్పి సంగతి చెబితే, కౌంటరు దగ్గరి కుర్రాడు 0.075 శాతం కాప్సైసిన్, అంటే మిరపలోని కారపు సారం, ఉన్న క్రీము ఇచ్చి పంపాడు. ఎక్కడ రాయాలో అడగలేదు, ఎక్కడ రాయకూడదో చెప్పలేదు. అమ్మ దాన్ని చూపుడు వేలికి తీసుకుని కనుబొమ పైన పట్టించి, ఆ వేలు చీరకు తుడుచుకుని, కాసేపటికి చెమట కళ్లలోకి దిగుతుంటే అదే చేత్తో రెండు కళ్లూ నులుముకుంది. నేను వచ్చేసరికి పెరట్లో బిందె దగ్గర కూర్చుని చెంబులతో ముఖం కడుక్కుంటూ ఉంది. కుడి కన్ను చింతనిప్పులా ఎర్రబడి, రెప్ప తెరవలేకపోతోంది. ఎడమ కన్ను కూడా ఎర్రబడింది గాని, నిమ్మళంగా తెరుచుకునే ఉంది. “ఈ కంట్లో ఏం మంట లేదురా, ఇది బాగానే ఉంది,” అని సర్పి వచ్చిన ఆ ఎడమ కంటినే చూపించింది. నా గుండె జారింది అప్పుడే.

మరునాడు కంటి డాక్టరుగారు దూది పోగు కొసను నల్లగుడ్డు మీద ఆనించి చూస్తే, కుడి రెప్ప ఠక్కున మూసుకుంది, ఎడమ రెప్ప కదల్లేదు. ఒకే నరం, ఒకే జబ్బు. పైన నుదుటి మీద గాలి సోకినా తాళలేనంత నొప్పి, దానికి రెండంగుళాల కింద కారం పడినా తెలియనంత మొద్దుబారుడు. నొప్పి తెలియని కన్ను సరిగా రెప్ప వేయదు, నలుసు పడినా చెప్పదు, పుండు పడితే త్వరగా మానదు. అందువల్ల ఆ డాక్టరుగారు నుదుటి నొప్పిని వదిలి, నొప్పి లేని ఆ కంటి గురించే అరగంట మాట్లాడారు.

ఆ సాయంత్రం అమ్మ అన్న ఇంకొక మాట నాకు పాఠ్యపుస్తకంకంటే ఎక్కువ పనికొచ్చింది. వయసులో ఉన్నప్పుడు కళ్లాల్లో మిరపకాయలు ఏరి, తాలు కాయలు వేరుచేసి, తొడిమలు తీసిన మనిషి ఆమె. “మొదటి నాలుగు రోజులే చేతులు మండేవి. కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాళ్లం. ఆ తర్వాత మండమన్నా మండేవి కావు. పని మానేసి కొన్నాళ్లకు మళ్లీ పోతే, మళ్లీ మొదటికొచ్చేది,” అంది. హంగేరీ ఔషధశాస్త్రవేత్త మిక్లోష్ యాంచో 1940ల్లో కాప్సైసిన్‌తో జంతువులపై గమనించినది సరిగ్గా ఇదే: మళ్లీ మళ్లీ కారం తగిలిన నరాల కొసలు కొంతకాలం మొద్దుబారిపోతాయి. ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఎలుక కంట్లో కాప్సైసిన్ చుక్క వేసి, అది ముందు కాలితో కన్ను ఎన్నిసార్లు తుడుచుకుందో లెక్కపెట్టి నొప్పి మందులను పరీక్షిస్తారు. మా విద్యార్థులకు ఆ పరీక్ష గురించి ఎన్నోసార్లు చెప్పాను గాని, బిందె దగ్గర అమ్మను చూశాక మళ్లీ ఆ పాఠం చెప్పబుద్ధి కాలేదు.

కారం పట్టుకునే గ్రాహకాన్ని 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. టీఆర్‌పీవీ1 అని పిలిచే ఆ గ్రాహకమే 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికీ, ఆమ్లానికీ కూడా తెరుచుకుంటుంది. కారం తింటే నోరు కాలినట్టు ఎందుకుంటుందో అందులోనే ఉంది. 2021లో జూలియస్‌కూ, స్పర్శ గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. దానికి ముందే, 2009లో, సర్పి తర్వాత మిగిలే నొప్పికి 8 శాతం కాప్సైసిన్ పట్టీని అమెరికాలో ఆమోదించారు. దాన్ని వైద్య సిబ్బందే చేతితొడుగులు వేసుకుని ఒక గంటసేపు అంటించి తీస్తారు. చర్మంలోని ఆ నరాల కొసలు ముడుచుకుపోయి, ఉపశమనం మూడు నెలల దాకా ఉండవచ్చు. అయితే ముఖానికీ, తలకూ, కంటి దగ్గరా దాన్ని వేయకూడదని ఆ మందుతో ఇచ్చే పత్రంలోనే రాసి ఉంటుంది. కాబట్టి కారం మందు సర్పి నొప్పికి పనిచేస్తుందన్న మాట నిజమే గాని, మీ నాన్నగారికి నొప్పి ఉన్న చోటికి అది పనికిరాదు.

ఆ గ్రాహకాన్ని మండించి అలసిపోయేలా చేయడం ఎందుకు, నేరుగా మూసివేస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపిస్తుంది. పెద్ద పెద్ద కంపెనీలకూ అలాగే అనిపించి మాత్రలు తయారుచేశాయి. 2008లో వెలువడిన ఒక పరీక్ష ఫలితాల్లో ఆ మాత్ర వేసుకున్నవారిలో ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటిన సందర్భాలు కనిపించాయి, ఎందుకంటే అదే గ్రాహకం శరీరపు వేడిని అదుపులో ఉంచడంలో కూడా పాలుపంచుకుంటుంది. మరికొన్ని నిరోధకాలు తీసుకున్నవారికి కాలే వేడి కాలుతున్నట్టు తెలియలేదు. మా అమ్మ ఎడమ కన్ను చూసినవాడికి ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు. ఫలానా గ్రాహకం దొరికింది, ఇక నొప్పి అంతమైనట్టే అని పత్రికలు పతాక శీర్షికలు పెట్టినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. గ్రాహకం దొరకడం తాళం చెవి దొరకడం లాంటిదే గాని, ఆ తాళం ఇంట్లో ఎన్ని గదులకు వేశారో ఎవరూ అడగరు.

నా మట్టుకు నేను గట్టిగా నమ్మేది ఏమిటంటే, రాబోయే ఇరవై ఏళ్లలో ఈ రకం మందుల్లో నిలబడేవన్నీ మాత్రలుగా కాక చుక్కలుగా, పట్టీలుగానే వస్తాయి. చలిని, పుదీనా చల్లదనాన్ని గుర్తించే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం సంగతే తీసుకోండి. కంటి తడి ఆరుతూ నల్లగుడ్డు చల్లబడినప్పుడు ఆ గ్రాహకమున్న నరాలే కన్నీటిని ఊరమని కబురు పంపుతాయి. అది లేకుండా పుట్టించిన ఎలుకల్లో మామూలు కన్నీరు తగ్గిపోయిందని స్పెయిన్‌లోని అలికాంటే పరిశోధకులు 2010లో చూపించారు. దాన్ని తట్టి లేపే అకోల్ట్రెమాన్ అనే 0.003 శాతం చుక్కల మందును కళ్లు పొడిబారే జబ్బుకు అమెరికాలో 2025లో ఆమోదించారు. ఇక్కడ గ్రాహకాన్ని మూయడం లేదు, దాని పనిని దానిచేత చేయిస్తున్నారు. చుక్క వేసినప్పుడు చాలామందికి కాస్త మంట పుడుతుంది, అంతే.

చుక్కల మందులు కంట్లోనే ఉండిపోతాయని మాత్రం అనుకోకండి. నీటికాసులకు 1978 నుంచి వాడుతున్న టిమోలాల్ చుక్కలు మా నాన్నగారికి రాసి ఇచ్చినప్పుడు, ఆయనకు ఉబ్బసం ఉందా అని ఎవరూ అడగలేదు. వేసిన చుక్కలో మిగులు కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి, కాలేయం చేతికి చిక్కకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. ఊపిరి గొట్టాలను తెరిచి ఉంచే బీటా గ్రాహకాలు మూసుకుపోతాయి. మూడో రాత్రికి ఆయన కిటికీ పట్టుకుని నిలబడి ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది. ఉబ్బసం ఉన్నవారికి ఆ మందే కూడదు. మిగతావారైనా ఏ చుక్క వేసుకున్నా కళ్లు మూసుకుని ముక్కు పక్కనున్న కనుకొలికిని వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలని చెప్పడానికి అర నిమిషం పట్టదు, కాని ఆ అర నిమిషం మన ఆసుపత్రుల్లో దొరకదు.

మీ నాన్నగారికి ముందుగా చేయించవలసింది ఆ పక్క కంటికి స్పర్శ ఉందో లేదో చూసే ఆ దూది పోగు పరీక్ష. కంట్లో నొప్పి లేదని ఆయన చెబితే మరీ తొందరగా చేయించండి. నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్, నుదుటి మీదికి చర్మాన్ని మొద్దుబార్చే లిడొకైన్ వంటివి ఉన్నాయి. ఆయన వయసును, మూత్రపిండాలను, గుండెను చూసి ఏది ఎంతో డాక్టరుగారు నిర్ణయిస్తారు. నరాల బలానికని వారం వారం పొడిచే విటమిన్ సూదుల మీద డబ్బు తగలేయకండి. ఇంట్లో యాభై దాటిన మిగతావారికి సర్పి టీకా గురించి అడగండి. రెండు డోసుల టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది.

అమ్మకు ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు ఫ్యాను కింద కూర్చుంటుంది, దువ్వెన మాత్రం ఎడమవైపు ఇంకా మెల్లగానే తిప్పుతుంది. ఆ కాప్సైసిన్ క్రీమును పారేయనివ్వలేదు. డాక్టరుగారిని అడిగి మోకాళ్లకు రాసుకుంటోంది, అక్కడ బాగానే పనిచేస్తోందని చెబుతోంది. పొరపాటున చేతికి వస్తే గుర్తుండాలని ఆ ట్యూబు మెడకు ఎర్ర దారం కట్టి, కంటి చుక్కల సీసాకు దూరంగా వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుంది.